కార్బురేటర్ మనమే విప్పాలా, మెకానిక్‌కి ఇవ్వాలా: ఎక్కడిదాకా వెళ్లొచ్చు, ఎక్కడ ఆగాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. బైక్ ఐదు నెలలు కదలకుండా ఉండిపోయింది. ఇప్పుడు చోక్ లాగితేనే స్టార్ట్ అవుతోంది, చోక్ తీసేస్తే ఆగిపోతోంది. యాక్సిలరేటర్ తిప్పి పట్టుకుంటే నడుస్తుంది, వదిలితే ఠక్కున ఆగుతుంది. మెకానిక్ చూసి కార్బురేటర్ మొత్తం విప్పి కడగాలన్నాడు. స్నేహితుడేమో ఓ వీడియో చూపించి, గంట పని, మనమే చేసేద్దాం అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

స్నేహితుడు చెప్పిన గంట నిజమే, స్క్రూలన్నీ మాట వింటే. అవి ఎంతవరకు వింటాయన్నదే అసలు ప్రశ్న.

నేను వృత్తిరీత్యా మెకానిక్‌ని కాను. పాత బళ్లు తెచ్చుకుని సొంతంగా బాగుచేసుకునే పిచ్చి పాతికేళ్లుగా ఉంది. ఇన్నేళ్లలో నా చేతుల్లో బాగుపడ్డ కార్బురేటర్లు చాలానే ఉన్నాయి, పనికిరాకుండా పోయినవి రెండున్నాయి. ఆ రెండూ నాకు పని తెలియక పోలేదు, ఆగాల్సిన చోట ఆగక పోయాయి. అందుకే ‘ఇది నా వల్ల అవుతుందా’ అని ముందే తేల్చుకోవాలని చూడకండి. ఈ పని మెట్లు దిగడం లాంటిది. మొదటి రెండు మెట్లు ఎవరైనా దిగి వెనక్కి వచ్చేయొచ్చు, బండికి ఏమీ కాదు. ఆ తర్వాత ఒక్కో మెట్టు దగ్గరా ఆగి చూసి, ఇంకా దిగాలా వద్దా అని అక్కడే నిర్ణయించుకోవచ్చు.

ముందు అసలు దొంగ కార్బురేటరేనా అన్నది చూద్దాం.

ఇంజిన్ పీల్చే గాలి కార్బురేటర్‌లో ఒక సన్నటి గొంతు గుండా వెళ్తుంది. అక్కడ గాలి వేగం పెరిగి, పీడనం తగ్గి, కింద గిన్నెలో (మెకానిక్‌లు బౌల్ అంటారు) ఉన్న పెట్రోలు జెట్‌ల (సన్నటి రంధ్రమున్న చిన్న ఇత్తడి ముక్కలు) ద్వారా పైకి వస్తుంది. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 వంతుల గాలి కావాలి. యాక్సిలరేటర్ బాగా తిప్పినప్పుడు ఈ పెట్రోలు మెయిన్ జెట్ నుంచి వస్తుంది. బండి స్లోలో ఉన్నప్పుడు గొంతు దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి మెయిన్ జెట్ దగ్గర లాగేంత గాలి ఉండదు. అప్పుడు ఇంజిన్‌ని బతికించేది పైలట్ జెట్ ఒక్కటే. చాలా చిన్న బైకుల్లో దాని రంధ్రం 0.4 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. నిల్వ ఉన్న పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలింది గాలి తగిలి జిగురుగా, ఆపైన వార్నిష్ పూసినట్టు గట్టి పొరగా మారుతుంది. అది ముందుగా మూసేది అన్నిటికన్నా సన్నగా ఉన్న ఈ రంధ్రాన్నే.

మీ బండి లక్షణాలు దీనికి అతికినట్టు సరిపోతున్నాయి. చోక్ లాగితే వేరే దారిలో అదనంగా పెట్రోలు అందుతుంది లేదా గాలి తగ్గుతుంది, బండి నడుస్తుంది. చోక్ తీసేస్తే పైలట్ జెట్ మీద ఆధారపడాలి, అది మూసుకుని ఉంది, ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తిప్పితే మెయిన్ జెట్ ఆదుకుంటుంది.

కానీ ఇవే లక్షణాలు ఇంకొక చోటి నుంచి కూడా వస్తాయి. కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం పగిలితే, ఆ పగులులోంచి దొంగగాలి పోయి మిశ్రమం పలచబడుతుంది. అప్పుడూ చోక్ లేకుండా బండి నిలబడదు. ఈ సంగతి తెలియక కార్బురేటర్‌ని మూడుసార్లు కడిగి, నాలుగోసారి రబ్బరు మార్చుకున్నవాడు నాకు తెలుసు. ఎవరో కాదు, నేనే. కాబట్టి చోక్ మీద బండి నడుస్తుండగా ఆ రబ్బరు చుట్టూ స్ప్రే సీసాతో మామూలు నీళ్లు సన్నగా చల్లండి. ప్లగ్ మీద పడకుండా చూసుకోండి. ఇంజిన్ శబ్దం మారితే తప్పు అక్కడుంది. కొంతమంది ఈ పరీక్షకు పెట్రోలో క్లీనర్ స్ప్రేనో వాడతారు. వేడి ఇంజిన్ మీద ఆ పని చేయకండి.

ఎయిర్ ఫిల్టర్ ఓసారి బయటికి తీసి చూడండి, నిలబడ్డ బండిలో ఎలుకలు గూడు కట్టుకోవడం వింతేమీ కాదు. ట్యాంకు మూతకుండే గాలి రంధ్రం మూసుకుపోతే కొంతదూరం నడిచి ఆగిపోతుంది, మీది అలా లేదు. ప్లగ్ ఎలాగూ విప్పి చూస్తారు.

ఇక మొదటి మెట్టు. బౌల్ అడుగున ఒక డ్రెయిన్ స్క్రూ ఉంటుంది. దాన్ని వదులు చేస్తే బౌల్‌లోని పెట్రోలు సన్నటి గొట్టంలోంచి బయటికొస్తుంది. దాన్ని గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడండి. ఈ ఒక్క సీసా మీకు సగం జవాబు చెప్పేస్తుంది. తేటగా, మామూలు వాసనతో ఉంటే అనుమానం వేరే వైపు తిప్పాలి. ముదురు రంగులో, ఘాటైన వార్నిష్ వాసనతో ఉంటే పెట్రోలు పాతబడింది. అడుగున గుండ్రటి బుడగల్లా వేరే పొర కనిపిస్తే అది నీరు. ఇథనాల్ కలిసిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పరిమితి దాటాక నీరూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. ఎర్రటి నలుసులు కనిపిస్తే ట్యాంకు లోపల తుప్పు ఉందన్నమాట, అప్పుడు కార్బురేటర్ ఎవరు కడిగినా వారంలో మళ్లీ మొదటికొస్తుంది.

పాత పెట్రోలు మొత్తం తీసేసి, తాజాది పోసి, బౌల్‌ని ఇంకో రెండుసార్లు ఖాళీ చేసి చూడండి. కొన్ని బళ్లలో పెట్రోలు ట్యాప్ ఇంజిన్ లాగినప్పుడు మాత్రమే తెరుచుకుంటుంది. అలాంటిదైతే ట్యాప్‌ని ప్రైమ్ (ఇంజిన్ నడవకపోయినా పెట్రోలు వదిలే స్థానం) మీద పెట్టకపోతే బౌల్ మళ్లీ నిండదు, అది చూసి ఏదో పాడైందని కంగారుపడొద్దు. తాజా పెట్రోల్లో కార్బురేటర్ క్లీనర్ ద్రవం కలిపి, చోక్ మీదే కాసేపు నడిపి, ఒక రాత్రి అలాగే వదిలేస్తే పలచటి జిగురు కరిగిపోవడం నేను చూశాను. గట్టిపడి పూర్తిగా మూసుకుపోయిన జెట్‌కి ఇది పనిచేయదు, ఎందుకంటే మూసుకున్న రంధ్రంలోకి ఆ ద్రవం వెళ్లదు కదా. అయినా ప్రయత్నించండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

దీంతో బాగుపడకపోతే రెండో మెట్టు, అంటే కార్బురేటర్‌ని బండి నుంచి బయటికి తీయడం. రెండు క్లిప్పులు వదులు చేయడం, పెట్రోలు పైపు పీకడం, యాక్సిలరేటర్ కేబుల్ విడదీయడం, అంతే. ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ముఖ్యంగా ఏ సన్న గొట్టం ఎక్కడినుంచి ఎక్కడికి పోతుందో. కార్బురేటర్ చేతిలోకి వచ్చాక ఏమీ విప్పకుండా బల్ల మీద పెట్టి తిప్పి చూడండి. నిర్ణయం ఇక్కడ తీసుకోవాలి.

చూడాల్సింది బౌల్‌ని పట్టి ఉంచే మూడు నాలుగు స్క్రూల తలలు. వాటి ప్లస్ గాడి పదునుగా ఉందా, ఇంతకుముందే ఎవరో తిప్పి అరగదీశారా? జపాన్ కంపెనీల కార్బురేటర్లలో ఈ స్క్రూలు చాలావరకు జె.ఐ.ఎస్. (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. చూడ్డానికి మామూలు ఫిలిప్స్ స్క్రూలాగే ఉంటాయి, కానీ గాడి కోణం వేరు. ఇంట్లో ఉండే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ పెట్టి బలంగా తిప్పితే అది పైకి జారి తలను కొరికేస్తుంది. రెండుసార్లు జారితే మూడోసారికి పట్టడానికి ఏమీ మిగలదు. సరైన జె.ఐ.ఎస్. డ్రైవర్ దొరికితే సగం యుద్ధం గెలిచినట్టే. తలలు అప్పటికే అరిగి ఉన్నా, స్క్రూ చుట్టూ తెల్లటి పొడి పేరుకుని పట్టుకుపోయినట్టున్నా, అక్కడే ఆగి ఆ కార్బురేటర్‌ని ఉన్నదున్నట్టు ఒక సంచిలో వేసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇందులో చిన్నతనమేమీ లేదు. విప్పి తెచ్చిన కార్బురేటర్ అయితే అతనికీ పని తగ్గుతుంది, మీకూ ఏం చేశాడో కళ్లముందే కనిపిస్తుంది. చాలామందికి ఈ మధ్యేమార్గం ఉందనే తట్టదు.

స్క్రూలు బాగుంటే బౌల్ తీయండి. లోపల ఫ్లోట్ కనిపిస్తుంది. పెట్రోలు పెరిగితే తేలి సూదిని పైకి నెట్టి దారి మూస్తుంది, తగ్గితే దిగి తెరుస్తుంది. విల్‌హెల్మ్ మేబాక్ 1893లో తయారుచేసిన కార్బురేటర్‌లో ఉన్నదీ ఇలాంటి ఫ్లోటే, ఇలాంటి నాజిలే. లోపల దాగిన మాయ ఏమీ లేదు. కాకపోతే ఫ్లోట్‌ని పట్టి ఉంచే పిన్ను దగ్గర జాగ్రత్త. అది రెండు సన్నటి అల్యూమినియం కొమ్ముల మధ్య కూర్చుని ఉంటుంది. చేత్తో నెడితే రావాలి. రాలేదని నేనొకసారి మేకు పెట్టి సుత్తితో చిన్న దెబ్బ వేశాను. చిన్నదే. కొమ్ము విరిగి చేతిలోకి వచ్చింది. అది కార్బురేటర్ బాడీతో కలిపి పోత పోసిన భాగం, విడిగా దొరకదు. నేను పాడుచేసిన రెండింటిలో అది మొదటిది. పిన్ను కదలకపోతే దాన్ని తీయనక్కర్లేదు, ఫ్లోట్ ఉండగానే చాలా బాడీల్లో పైలట్ జెట్ అందుతుంది.

పైలట్ జెట్ ఇత్తడిది, మెత్తన. దాని గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పున్న ఫ్లాట్ స్క్రూడ్రైవర్ మాత్రమే వాడాలి. సన్నటిది పెడితే అంచులు చిట్లుతాయి. బయటికి వచ్చాక వెలుతురుకు ఎత్తి చూడండి. గుండ్రంగా, చుక్కలాంటి వెలుగు కనిపించాలి. ఏమీ కనిపించకపోతే మీ దొంగ దొరికాడు. క్లీనర్‌లో నానబెట్టండి, స్ప్రే కొట్టండి, గాలి పట్టండి, మళ్లీ నానబెట్టండి. ఒక రాత్రి పట్టినా పర్వాలేదు.

సూది, గిటారు తీగ, స్టీలు వైరు మాత్రం దూర్చొద్దు. నా పాత బండికి ఒకసారి ఒక షాపులో కార్బురేటర్ కడిగించాను. బండి హాయిగా స్లోలో నిలబడింది, నేనూ సంతోషించాను. నెల తిరిగేసరికి పెట్రోలు విపరీతంగా తాగుతోంది, ప్లగ్ నల్లగా మసిబారుతోంది. జెట్ విప్పి చూస్తే లోపల గీతలు, రంధ్రం ఒక పక్కకు పెరిగి ఉంది. ఎవరో గట్టి వైరుతో పొడిచారు. 0.4 మిల్లీమీటర్ల రంధ్రంలో ఏ కొంచెం గీసుకున్నా లెక్క మారిపోతుంది. తప్పదనుకుంటే చేపల గాలానికి వాడే సన్న నైలాన్ దారమో, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగో వాడండి, అదీ మెల్లగా. జెట్ కొత్తది దొరికితే ఇంకా మంచిది.

జెట్ ఒక్కటే శుభ్రం చేసి ఆపేస్తే సగం పనే. జెట్ కూర్చునే దారి నుంచి గొంతు వరకు బాడీలో సన్నటి మార్గాలు తొలిచి ఉంటాయి. ఒక చివర స్ప్రే కొడితే ఇంకో చివర ధార రావాలి. ఆ ధార సరిగ్గా కంటి వైపే వస్తుంది, ఎందుకో అంతే. రక్షణ కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పని మొదలుపెట్టకండి. చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. స్ప్రే, గాలి పట్టే ముందు రబ్బరు భాగాలన్నీ తీసేయండి. మెత్తటి డయాఫ్రం (పలచటి రబ్బరు పొర) ఉన్న రకం కార్బురేటర్ అయితే ఆ డయాఫ్రం మీద క్లీనర్ చుక్క కూడా పడకూడదు. దాన్ని వెలుతురుకు పట్టి సూదిబెజ్జం ఉందేమో చూడండి.

బాడీ పక్కన ఉండే మిశ్రమం స్క్రూ (ఎయిర్ స్క్రూ అని పిలుస్తుంటారు, కొన్నిట్లో అది నిజానికి పెట్రోలు స్క్రూ) దగ్గర కొత్తవాళ్లు రెండు తప్పులు చేస్తారు. ఒకటి, లెక్కపెట్టకుండా విప్పేయడం. ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆనిందో రాసుకోవాలి, ఆ తర్వాతే బయటికి తీయాలి. ఆనాక బిగిస్తే దాని మొన బాడీలో గుంట పెడుతుంది, నేను పాడుచేసిన రెండో కార్బురేటర్ కథ అదే. రెండోది, స్క్రూ వెనక ఉండే స్ప్రింగు, ఆవగింజంత వాషర్, రబ్బరు ఓ-రింగు లోపలే ఉండిపోవడం. గాలి పట్టగానే అవి ఎగిరిపోతాయి, నేలంతా వెతికినా దొరకవు. మొదటిసారి చేస్తుంటే అసలు ఈ స్క్రూ జోలికే వెళ్లకండి. అది లేకుండానే మీ బండి బాగుపడే అవకాశం బాగా ఉంది.

ఇలాంటి చోట్లు ఇంకొన్ని ఉన్నాయి. ఫ్లోట్ ఎత్తు సరిచేయడానికి దాని చిన్న నాలుకను వంచాలి, కొలత కంపెనీ మాన్యువల్‌లో చూసి పట్టాలి. అంచనాతో వంచితే ఓవర్‌ఫ్లో అన్నా అవుతుంది, పెట్రోలు చాలకన్నా పోతుంది. యాక్సిలరేటర్ ఇరుసు అరిగి ఊగుతుంటే దాన్ని ఇంట్లో చేయలేం. నాలుగు సిలిండర్ల బండికి వరుసగా నాలుగు కార్బురేటర్లు ఉంటే వాటిని విడదీయొద్దు. అవన్నీ ఒకే స్థాయిలో లాగేలా వాక్యూమ్ గేజ్‌లు పెట్టి సరిచేయాలి, ఆ పని చేయి తిరిగినవాళ్లకే వదిలేయాలి. బాడీ లోపల తెల్లటి పొక్కులు లేచి లోహమే తినేసి ఉంటే కడిగినా ప్రయోజనం లేదు, మార్చాల్సిందే. ఇంకో సంగతి, రేపే ఊరెళ్లాల్సిన బండిని ఈ రాత్రి విప్పకండి. బౌల్ అంచున ఉండే రబ్బరు గ్యాస్కెట్ పెట్రోల్లో ఉబ్బి, విప్పాక తన గాడిలో పట్టదు. ఆరబెడితే చాలాసార్లు మళ్లీ కుంచించుకుంటుంది, కానీ దానికి టైం పడుతుంది. కొత్త గ్యాస్కెట్ తెచ్చిపెట్టుకుని మొదలుపెట్టడమే మేలు. మొదటిసారికి గంట కాదు, పూటన్నా పెట్టుకోండి.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. కిందికి దిగి నేల వెంట పాకుతుంది, దూరంగా ఉన్న స్టౌ దాకా పోగలదు. మూసిన గదిలోనో, వంటిల్లు పక్కనో ఈ పని వద్దు. తీసిన పాత పెట్రోలు కాలువలో పోయకండి.

బిగించేటప్పుడు యాక్సిలరేటర్‌తో పైకి లేచే పిస్టన్ (స్లైడ్) తిరగబడకుండా చూడండి. చాలావాటిలో దాని కింద ఒక పక్క కోత ఉంటుంది, అది ఎయిర్ ఫిల్టర్ వైపు రావాలి. తిరగేసి పెడితే స్టార్ట్ చేయగానే ఇంజిన్ అరుస్తుంది, వదిలినా దిగదు. ఈ స్లైడ్‌కి వేలాడే సూది మీది క్లిప్పు ఏ గాడిలో ఉందో ఫొటోలో చూసి అక్కడే పెట్టాలి. స్టార్ట్ చేసే ముందు హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకూ కుడికీ తిప్పి, రెండు వైపులా యాక్సిలరేటర్ వదిలితే టక్కున మూసుకుంటోందా చూడండి. పెట్రోలు ట్యాప్ తెరిచి ఐదు నిమిషాలు కారుతుందేమో గమనించండి. కారుతుంటే స్క్రూడ్రైవర్ పిడితో బౌల్ మీద మెల్లగా తట్టండి, ఇరుక్కున్న ఫ్లోట్ సూది కొన్నిసార్లు దాంతోనే కూర్చుంటుంది. అయినా ఆగకపోతే ట్యాప్ కట్టేసి మళ్లీ విప్పాల్సిందే. ఐడ్లింగ్ (స్లోలో ఇంజిన్ వేగం) మాత్రం ఇంజిన్ బాగా వేడెక్కాకే సరిచేయాలి.

మెకానిక్‌కే ఇవ్వాలనుకుంటే, ‘కార్బురేటర్ కడగండి’ అని వదిలేయకండి. పైనుంచి స్ప్రే కొట్టి ఇచ్చినా అది కడగడమే అవుతుంది. ‘ఐదు నెలలు నిలబడింది, చోక్ తీస్తే ఆగుతోంది, పైలట్ జెట్ విప్పి చూడండి, రబ్బరు గొట్టం కూడా చూడండి’ అని లక్షణాలతో చెప్పండి. జెట్ పనికిరాకపోతే కొత్తది వేయమని, పాతది మీకివ్వమని అడగండి. పని తెలిసినవాడు ఈ మాటలకు నొచ్చుకోడు, ఇంకాస్త శ్రద్ధగా చేస్తాడు. విసుక్కున్నాడంటే ఇంకో షాపు చూసుకోవచ్చు.

మీ స్థానంలో నేనుంటే ఈ వారాంతంలో రబ్బరు మీద నీళ్లు చల్లి చూసి, బౌల్ ఖాళీ చేసి, తాజా పెట్రోలు పోసి ఒక రాత్రి ఆగుతాను. బాగుపడకపోతే కార్బురేటర్ బయటికి తీసి స్క్రూల తలలు చూస్తాను. ఆ లోపు గాజు సీసాలో ఏం వచ్చిందో, దాని రంగేమిటో, అడుగున నీరుందో లేదో రాయండి. స్క్రూల ఫొటో కూడా పెడితే విప్పాలో వద్దో చూసి చెప్తాను.